గాజు దీపం, ఉక్కు గూడు: పిస్టల్ రాత్రి సైట్లపై మీ ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఇంటి రక్షణకోసం పిస్టల్ కొనుక్కున్నవాళ్లు ఈసారి రాసిన ఉత్తరాలన్నీ ఒకే పనిచుట్టూ తిరిగాయి: కంపెనీ సైట్లు (గురి చూడ్డానికి పిస్టల్ నెత్తిన ముందూ వెనకా ఉండే ముక్కలు) తీసేసి, చీకట్లో వెలిగే ట్రిటియం సైట్లు ఇంట్లోనే బిగించుకోవడం. ఒక ప్రశ్న గుంటూరునుంచి కూడా వచ్చింది.

ప్రశ్న: నా గ్లాక్ 19 జెన్ 5 కి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ సైట్లే ఉన్నాయి. ట్రిటియం సెట్టు కొన్నాను. బిగించడానికి దుకాణంవాళ్లు 40 డాలర్లు, వారం గడువు అంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా? ఏమేం కావాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చేసుకోవచ్చు. సైట్లు మార్చుకోవడానికి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రత్యేక అనుమతేమీ అక్కర్లేదు. అన్నీ కుదిరితే గంట పని. కాకపోతే ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. మీరు కొన్నది చూడ్డానికి ఉక్కు ముక్క, దాని కడుపులో మాత్రం బియ్యపు గింజకన్నా సన్నటి గాజు గొట్టం ఉంది. గొట్టంలో ట్రిటియం వాయువు, లోపలి గోడకు మెరిసే పొడి పూత. రబ్బరు లాంటి మెత్తలో కూర్చోబెట్టి ఉంటుంది కాబట్టి పిస్టల్ పేలినప్పటి కుదుపును ఏళ్లతరబడి తట్టుకుంటుంది. సుత్తి దెబ్బ నేరుగా తగిలితే తట్టుకోదు. అందుకే ఈ పనికి సైట్ పుషర్ కావాలి. స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగాన్ని) గట్టిగా పట్టుకుని, మర తిప్పుతుంటే సైట్‌ను నెమ్మదిగా పక్కకు నెట్టే పనిముట్టు అది. గ్లాక్ కోసమే చేసినవి దొరుకుతాయి. ఒక్కసారి పనికి కొనడం దండగ అనిపిస్తే తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకోండి.

పుషర్‌తోపాటు 3/16 అంగుళాల పలుచటి గోడ నట్ డ్రైవర్ కావాలి. మామూలు సాకెట్ గోడ మందం, స్లైడ్ లోపలి సందులో పట్టదు. 90 శాతానికి తక్కువ కాని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు), క్యాలిపర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు), మాస్కింగ్ టేపు, సన్నటి చదును ఆకురాయి, ఒక మార్కర్ పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదట తుపాకీ ఖాళీ చెయ్యాలి. మ్యాగజైన్ తీసి, స్లైడ్‌ను వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రండి. వచ్చాక మళ్లీ ఒకసారి చూడండి. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలిపోతే పేలేది ఆ క్షణంలోనే. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం పలకలు. 9 ఎం.ఎం. తూటా వాటిని దాటుకుని పక్క గదిలోకి పోతుంది. విప్పేటప్పుడు పిస్టల్ మూతి ఏ వైపు ఉందో, ఆ గోడ అవతల ఎవరున్నారో చూసుకోండి. బ్యారెల్, స్ప్రింగు తీసేశాక ఈ పనికి కావలసింది స్లైడ్ ఒక్కటే. ఫ్రేమును (పిడి, ట్రిగ్గర్ ఉన్న కింది భాగాన్ని) అప్పుడే లాకర్‌లో పెట్టి తాళం వేసెయ్యండి.

ముందు సైట్‌తో మొదలుపెట్టండి. స్లైడ్‌ను బోర్లా తిప్పితే మూతి దగ్గర లోపలివైపు చిన్న ఆరు పలకల స్క్రూ తల కనిపిస్తుంది. దాన్ని ఎడమకు తిప్పితే పాత సైట్ ఊడొస్తుంది. స్లైడ్ నెత్తిన మిగిలే రంధ్రాన్ని, దాని చుట్టుపక్కలను ఆల్కహాల్‌తో తుడవండి. నూనె జిడ్డు మిగిలితే థ్రెడ్‌లాకర్ పట్టదు. ముందు సైట్లు రేంజిలో (కాల్పులు సాధన చేసే చోట) ఊడిపడడానికి మొదటి కారణం ఈ జిడ్డే.

కొత్త సైట్‌కు కింద చిన్న కాలు ఉంటుంది. మొదట థ్రెడ్‌లాకర్ పెట్టకుండా ఆ కాలును రంధ్రంలో దించి చూడండి. అడుగు స్లైడ్‌కు ఆనుకుని, వేలితో ఆడిస్తే కదలకుండా కూర్చోవాలి. దీపం ఉన్న ముఖం మీవైపు ఉండాలి. ఇది చెప్పాలా అనుకోకండి, తిప్పి బిగించి తర్వాత తలపట్టుకున్నవాళ్లున్నారు. కాలు కొంచెం లావై దిగకపోతే కాలునే వెంట్రుకవాసి అరగదియ్యండి. స్లైడ్ రంధ్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు. సైట్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, స్లైడ్ సంగతి అలా కాదు.

సరిగ్గా కూర్చుందని నమ్మకం కుదిరాక తీసేసి, స్క్రూ మరలకు ఒక్క చుక్క థ్రెడ్‌లాకర్ పెట్టి బిగించండి. స్క్రూ కుడికి తిరుగుతుంటే సైట్ కూడా దానితోపాటు కొంచెం మెలి తిరగాలని చూస్తుంది. బొటనవేలు, చూపుడువేలితో సైట్‌ను రెండు పక్కలా పట్టుకుని, చివరి పావు తిప్పుడు అయ్యేదాకా వదలకండి. నట్ డ్రైవర్ పిడిని పిడికిలితో కాక వేళ్ల కొసలతో పట్టుకుంటే ఎంత బిగించాలో చేతికే తెలుస్తుంది. ఆ స్క్రూ చాలా చిన్నది, మణికట్టు బలం వాడితే తల తెగి చేతిలోకి వస్తుంది. సెట్టుతో వచ్చిన కాగితంలో ఎంత బిగించాలో అంకె ఉంటే అదే పాటించండి.

వెనక సైట్ స్లైడ్ మీద అడ్డంగా ఉన్న గాడిలో కూర్చుంటుంది. గాడి అడుగున వెడల్పు, పైన ఇరుకు. వడ్రంగులు చెక్కపెట్టె మూలలు కలపడానికి కోసే కోత లాంటిదే. పాత సైట్ ఎక్కడుందో టేపు మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాక పుషర్‌లో స్లైడ్‌ను బిగించండి. చాలా పిస్టళ్లకు పాతది ఎడమనుంచి కుడికి తీసి, కొత్తది కుడినుంచి ఎడమకు ఎక్కించడం ఆనవాయితీ. గ్లాక్ గాడికి వాలు లేదు కాబట్టి ఎటునుంచైనా పని జరుగుతుంది. ఆనవాయితీ పాటిస్తే నష్టం లేదు. ప్లాస్టిక్ సైట్ పోతూపోతూ పొట్టు రాల్చినా కంగారు పడకండి.

కొత్త సైట్‌ను గాడిలో పెట్టి బొటనవేలితో నెట్టండి. మూడో వంతు దూరం చేతితోనే పోవాలి, ఆ తర్వాతే పుషర్ పని. నెట్టే కడ్డీ సైట్ అడుగు భాగానికి ఆనాలి, పైకి లేచిన చెవులకు కాదు. దీపాలుండేది ఆ చెవుల్లోనే. పావు తిప్పుడు తిప్పి ఆగి, అడుగు గాడిలో నిటారుగా పోతోందో, ఒకవైపు ఎత్తుకుంటోందో చూడండి. మధ్యకు వచ్చిందనిపించాక కళ్లను నమ్మకుండా క్యాలిపర్‌తో స్లైడ్ అంచునుంచి సైట్ అంచుదాకా రెండు పక్కలా కొలవండి. గ్లాక్ 19 కి రెండు సైట్ల మధ్య దూరం సుమారు 152 మిల్లీమీటర్లు. వెనక సైట్ 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 గజాల దగ్గర దెబ్బ 6 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. కాబట్టి రెండు కొలతల తేడా 0.1 లోపు ఉంటే చాలు, మిగతాది రేంజిలో తేలుతుంది.

చివరగా ఫ్రేమును లాకర్‌నుంచి తెచ్చి, బ్యారెల్, స్ప్రింగు పెట్టి స్లైడ్‌ను చేత్తో నాలుగుసార్లు ఆడించండి. విప్పి చూస్తే బ్యారెల్ నెత్తిన కొత్తగా మెరిసే గీత పడిందా? పడితే స్క్రూ తల తగులుతోందన్నమాట. సెట్టుతో వచ్చిన స్క్రూ కాకుండా వేరేది పెట్టారేమో చూసుకోండి. థ్రెడ్‌లాకర్ పూర్తిగా గట్టిపడడానికి 24 గంటలు పడుతుంది. ఆ 24 గంటలూ స్లైడ్‌కు నూనె, క్లీనింగ్ ద్రావకాలు తగలనివ్వకండి.

ప్రశ్న: వెనక సైట్ సగం దూరం పోయి ఇరుక్కుపోయింది. పుషర్ పిడి వంగేలా ఉంది. సుత్తితో రెండు వేస్తే పోతుందా?
– ఒక పాఠకుడు, ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: వద్దు. వచ్చిన దారినే వెనక్కి నెట్టి తీసెయ్యండి. రాత్రి సైట్ల అడుగును తయారీదారులు కావాలనే కాస్త మందంగా ఉంచుతారు. గాడి కొలత స్లైడ్‌కూ స్లైడ్‌కూ వెంట్రుకవాసి మారుతుంది, వదులుగా చేసిన సైట్‌కంటే బిగుతుగా చేసినది కొన్నవాడు సరిచేసుకోవడం తేలిక.

అరగదీయాల్సింది సైట్ అడుగునున్న చదును ముఖాన్ని. గాడిలో ఇమిడే వాలు అంచులను కాదు. అవి అరిగితే సైట్ నిటారుగా నిలబడదు. ఆ అడుగుకు మార్కర్ రంగు పూయండి. చదును ఆకురాయిని బల్ల మీద కదలకుండా పెట్టి, సైట్‌నే దాని మీద ఒక దిశలో నాలుగైదుసార్లు లాగండి. రంగు అంతటా సమంగా పోతే మీ చెయ్యి చదునుగా ఉన్నట్టు. ఒక మూలనే పోతుంటే చెయ్యి వాలుతోంది. తుడిచి, గాడిలో పెట్టి, బొటనవేలితో నెట్టి చూడండి. మూడో వంతు పోయేదాకా ఇదే వరస. ఒక్క విడత ఎక్కువ గీస్తే సైట్ వదులవుతుంది, అందుకే ప్రతి నాలుగు లాగుళ్లకూ ఒకసారి పెట్టి చూడమంటున్నాం. కోయడం, రుద్దడం ఏదైనా చేతితోనే. మోటారు గ్రైండర్ వేడికి లోపలి మెత్త, దీపం రెండూ పాడవుతాయి.

అప్పటికే ఎక్కువ గీసేసి వదులైపోతే, గాడిలో పలుచటి ఇత్తడి రేకు ముక్క వేసి నెట్టడం ఒక దారి. అది వీలుకాకపోతే గాడి, అడుగు రెండూ ఆల్కహాల్‌తో తుడిచి థ్రెడ్‌లాకర్ పెట్టొచ్చు. చేతితో నెడితే చివరిదాకా జారిపోయే సైట్‌కు మాత్రం థ్రెడ్‌లాకర్ మందు కాదు, అలాంటిది మార్చుకోవాల్సిందే.

ప్రశ్న: నాది స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి. వెనక సైట్ పక్కకు జరుపుతుండగా కిందనుంచి ఏదో ఎగిరిపోయింది. సోఫా కింద ఒక చిన్న స్ప్రింగు దొరికింది. ఇంకేమైనా పోయిందా?
– ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో

జవాబు: పోయుండొచ్చు, వెతకండి. మీ పిస్టల్‌లో వెనక సైట్ ఉత్త సైట్ కాదు, మూత కూడా. దాని కింద నిలువు రంధ్రంలో స్ట్రైకర్‌ను (తూటాను పొడిచి పేల్చే సూదిని) అడ్డుకునే రక్షణ పిన్ను, దాని మీద స్ప్రింగు, ఆ పైన చిన్న టోపీ ఉంటాయి. సైట్ జరగగానే స్ప్రింగు టోపీతో సహా పైకి ఎగురుతుంది. మీకు దొరకనిది బహుశా ఆ టోపీ. టార్చిలైటును నేలకు ఆనించి అడ్డంగా వేసి చూడండి, చిన్న లోహపు ముక్క నీడ పొడుగ్గా పడుతుంది.

దొరక్కపోతే కొత్తది తెప్పించండి. టోపీ లేకుండానో, ఇంకో స్ప్రింగు కత్తిరించి పెట్టో బిగించే ఆలోచన అసలు వద్దు. ట్రిగ్గర్ నొక్కనిదే స్ట్రైకర్ ముందుకు రాకుండా అడ్డుకునేది ఆ పిన్నే. పిస్టల్ చేజారి కిందపడ్డప్పుడు పేలకుండా కాపాడేది అదే.

తిరిగి పెట్టేటప్పుడు పిన్ను, స్ప్రింగు, టోపీ వరసగా దించి, సైట్‌ను రంధ్రం అంచుదాకా తెచ్చి ఆగండి. సన్నటి ఇత్తడి పుల్లతో టోపీని కిందకు నొక్కిపట్టి, సైట్ దాని మీదికి ఎక్కేదాకా నెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఈ మొత్తాన్ని పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేస్తే, ఎగిరినా సంచిలోనే పడుతుంది. కంపెనీ సైట్‌ను చిన్న సెట్ స్క్రూ పట్టి ఉంచుతుంది. దాన్ని వదులు చెయ్యకుండా నెడితే గాడిలో గాటు పడుతుంది, ఈసారి ముందే చూసుకోండి. ఏ పిస్టల్ అయినా సైట్ కదిపేముందు దాని కింద ఏముందో తయారీదారు పుస్తకంలో చూసుకోవడం ఈ పనికి మొదటి మెట్టు.

ప్రశ్న: నా గ్లాక్ 19 కి సైట్లు నేనే బిగించాను. 10 గజాల దగ్గర దెబ్బలన్నీ 2 అంగుళాలు ఎడమకు పోతున్నాయి. వెనక సైట్ ఎటు జరపాలి, ఎంత?
– ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: లెక్క చెప్తాం గానీ, పుషర్ బయటికి తియ్యడానికి ముందు ఇంకో పని ఉంది. కుడిచేతివాటం వాళ్లు ట్రిగ్గర్‌ను వేలితో పక్కకు నెట్టినా, పేలబోయే ముందు పిడికిలి బిగించినా దెబ్బ ఎడమకు, తరచూ ఎడమ కిందికి పోతుంది. చేతి లోపాన్ని సైట్‌తో సరిదిద్దితే, రేపు చెయ్యి బాగుపడ్డాక దెబ్బ కుడికి పోతుంది. కాబట్టి బల్ల మీద ఇసుక సంచికి చేతులు ఆనించి, 10 గజాలకు 5 తూటాల చొప్పున మూడు విడతలు, మూడు వేర్వేరు కాగితాల మీద కాల్చండి. తర్వాత బాగా కాల్చగల ఇంకొకరిచేత అదే పిస్టల్‌తో ఒక విడత కాల్పించండి. ఆయన దెబ్బలూ ఎడమకే పోతే సైట్‌ది తప్పు. ఆయనవి నడిమధ్య పడితే సైట్‌ను వదిలేసి వేలిని సరిచేసుకోండి.

సైట్‌ది తప్పని తేలితే ఎంత జరపాలో ఇలా లెక్కగట్టండి: రెండు సైట్ల మధ్య దూరాన్ని దెబ్బ తప్పిన దూరంతో హెచ్చవేసి, లక్ష్యం దూరంతో భాగించాలి. అన్నీ ఒకే కొలతలో ఉండాలి. గ్లాక్ 19 కి 152 మిల్లీమీటర్లు, 2 అంగుళాలంటే 50.8, 10 గజాలంటే 9,144. హెచ్చవేసి భాగిస్తే 0.84 మిల్లీమీటరు వస్తుంది. వెనక సైట్‌ను దెబ్బ ఎటు పోవాలనుకుంటే అటే జరపాలి. అంటే మీరు కుడికి, 0.84 మిల్లీమీటరు. ముందు సైట్ అయితే లెక్క తలకిందులు, దెబ్బ కుడికి రావాలంటే దాన్ని ఎడమకు జరపాలి. గ్లాక్ ముందు సైట్ జరిగే రకం కాదు గనుక ఆ గొడవ మీకు లేదు. సగం జరిపి కాల్చి చూసి, మిగతా సగం తర్వాత జరపండి.

ఎత్తుపల్లాలకూ ఇదే లెక్క. దెబ్బ కిందికి పోతుంటే వెనక సైట్ ఎత్తైనది కావాలి, లేదా ముందు సైట్ పొట్టిది కావాలి. గ్లాక్ సొంత వెనక సైట్లు 6.1, 6.5, 6.9, 7.3 మిల్లీమీటర్ల ఎత్తుల్లో చేస్తుంది, మెట్టుకు 0.4 తేడా. మీ పిస్టల్‌కు 15 గజాల దగ్గర ఒక్క మెట్టు అంటే సుమారు 36 మిల్లీమీటర్లు. అయితే కొత్త సైట్లతో దెబ్బ కిందికి పోవడానికి మామూలు కారణం ఎత్తు కాదు, చూపు. పాత సైట్లకు మీరు ముందు సైట్ నెత్తిమీద లక్ష్యాన్ని కూర్చోబెట్టి ఉంటారు. చాలా రాత్రి సైట్లకు వెలిగే చుక్కతోనే లక్ష్యాన్ని కప్పాలి. ఏది ఎలా చూడాలో పెట్టెలోని కాగితంలో బొమ్మ ఉంటుంది, సైట్ కొనడానికి డబ్బు ఖర్చుపెట్టే ముందు ఆ బొమ్మ చూడండి.

ప్రశ్న: మావారు ట్రిటియం సైట్లు తెచ్చారు. రేడియోధార్మికత ఉంటుందని చదివి భయంగా ఉంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పైగా మూడు దీపాల్లో ఒకటి అసలు వెలగడం లేదు. పగిలిందంటారా?
– ఒక తల్లి, చాండ్లర్, అరిజోనా

జవాబు: మీ భయం అర్థమైంది, విషయం వివరంగా చెప్తాం. ట్రిటియం అంటే హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం. అది వదిలే బీటా కణాలు చాలా బలహీనమైనవి, గాజు గోడను దాటలేవు. గాలిలో కొన్ని మిల్లీమీటర్లు పోయేసరికే ఆగిపోతాయి, మన చర్మం పైపొరను కూడా దాటలేవు. గొట్టం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం సైట్‌ను పట్టుకున్నా, పక్కన పడుకున్నా ఆ కణాలు మీ ఒంట్లోకి రావు. అమెరికా అణు నియంత్రణ సంస్థ నిబంధనల కింద అనుమతి పొంది తయారైన ఇలాంటి వస్తువులను ఇంట్లో ఉంచుకోవడానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు.

వెలగని దీపం సంగతి. అర్ధరాత్రి కిటికీ లేని గదిలో లైటు ఆపి, పది నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి చూడండి. పట్టపగలు దుప్పటి కింద చూసి పోయిందనుకున్నది చాలాసార్లు వెలుగుతూనే ఉంటుంది. కొన్ని సెట్లలో వెనక దీపాలను కావాలనే మసగ్గా, వేరే రంగులో పెడతారు. ముందు చుక్కే కంటికి ముందు తట్టాలని అలా చేస్తారు. చూశాక కూడా ఒక్కటే నల్లగా ఉంటే పగిలిందనే అనుకోండి. తయారీదారుకు పంపండి, దీపానికి వారంటీ ఇవ్వడం మామూలే.

పగిలితే చెయ్యాల్సింది కొంచెమే. అందులో ఉన్నది వాయువు, చిటికెలో గాలిలో కలిసిపోతుంది. పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాసేపు ఆగి రండి. రబ్బరు తొడుగులతో సైట్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గాజు ముక్కను పుల్లతో కెలకడం, నోటితో ఊదడం చెయ్యొద్దు. చెత్తబుట్టలో వెయ్యకుండా తయారీదారుకు తిప్పి పంపండి. అమ్మా, పిల్లలున్న ఇంట్లో నిజంగా కంగారుపడాల్సింది దీపం గురించి కాదు, తాళం లేని పిస్టల్ గురించి. సైట్ల పని జరుగుతున్న ఆ రెండు రోజులూ భాగాలు బల్లమీద వదిలెయ్యకుండా లాకర్‌లోనే ఉండేలా మీవారికి గట్టిగా చెప్పండి.

ఇంకో మాట. ట్రిటియం సగం తరిగిపోవడానికి 12.3 ఏళ్లు పడుతుంది. 5 ఏళ్లకు వెలుగు ముప్పావు వంతుకు, 20 ఏళ్లకు మూడో వంతుకు దిగుతుంది. మెరిసే పొడి కూడా అరుగుతుంది కాబట్టి కంటికి ఇంకా తక్కువే కనిపించొచ్చు. తక్కువ ధరకు వస్తుందని పాత సరుకు కొనేముందు పెట్టె మీద తయారైన సంవత్సరం చూడమనండి. దీపం ఆ రోజునుంచే ఆరడం మొదలుపెట్టింది, మీరు కొన్న రోజునుంచి కాదు.

ప్రశ్న: నాకు గ్రీన్ కార్డు ఉంది. మా తమ్ముడు మెకానికల్ ఇంజినీరు, హెచ్-1బి మీద మాతోనే ఉంటాడు. పనిముట్లు పట్టడంలో నాకంటే దిట్ట. వాడిచేత సైట్లు బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దండీ. ఫెడరల్ చట్టం, 18 యు.ఎస్.సి. 922 ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీని గానీ తూటాను గానీ తమ చేతిలో, తమ అధీనంలో ఉంచుకోకూడదు. మినహాయింపులు కొన్నే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వాటిలో మనవాళ్లకు ఎక్కువగా వర్తించేది. గ్రీన్ కార్డు ఉన్న మీకు ఈ నిషేధం లేదు. విడి స్లైడ్‌ను ఫెడరల్ చట్టం తుపాకీగా లెక్కించదు గానీ, ఒకే ఇంట్లో, అదే బల్లమీద ఫ్రేము, పెట్టెలో తూటాలు ఉన్నప్పుడు ఆ తేడా పట్టుకుని వాదించే పరిస్థితి తమ్ముడికి రాకూడదు. తుపాకీ నేరం రుజువైతే దేశంనుంచి పంపేస్తారు. తప్పు మీదే అయినా పోయేది అతని వీసా. పిస్టల్, తూటాలు అతనికి తెలియని నంబరుతో లాకర్‌లో ఉంచండి. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం, న్యూజెర్సీవి కఠినమైనవి. సైట్లు మీరే బిగించుకోండి, లేదా దుకాణంలో ఇవ్వండి. అతని వేట లైసెన్సు మీద ఆధారపడాలనుకుంటే ముందు వలస చట్టం తెలిసిన లాయరును అడగండి.

ప్రశ్న: నాకు .32 పిస్టల్ లైసెన్సు ఉంది. మా అబ్బాయి డాలస్‌నుంచి వచ్చేటప్పుడు రాత్రి సైట్లు తెమ్మంటే వెనకాడుతున్నాడు. చిన్న ముక్కే కదా?
– ఒక పెద్దాయన, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి వెనకాడడమే మంచిది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం అంటే దాని భాగాలు కూడా, దిగుమతికి లైసెన్సు ఉండాలి. అమెరికానుంచి బయటికి పంపడానికి అక్కడి ఎగుమతి నియమాలు వేరే. పైగా ట్రిటియం రేడియోధార్మిక పదార్థం. విమానాశ్రయంలో ఇది సైట్ ముక్కేనని నచ్చజెప్పడం కష్టం. అది తెచ్చినా, ఆ సెట్లు గ్లాక్ లాంటి పిస్టళ్ల గాడి కొలతలకు చేసినవి, మీ .32 కు పట్టవు. బిగించే పని కూడా మన చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణందారుదే.

మీ ముందు సైట్ మసకచీకట్లో కనిపించాలంటే రంగు చాలు. తుపాకీ ఖాళీ చేసి, సైట్ వెనక ముఖాన్ని స్పిరిట్‌తో తుడవండి. అగ్గిపుల్ల కొసతో తెల్ల గోళ్ల రంగు ఒక చుక్క పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. దానిమీద మెరిసే నారింజ రంగు, అది ఆరాక రంగులేని పూత. తెలుపు లేకుండా నల్లటి ఉక్కుమీద నారింజ నేరుగా పెడితే ఇటుక రంగులో చచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే ఆ తెల్ల చుక్క. నూనె బట్టతో తుడిచినప్పుడల్లా కొంత పోతుంది, ఏడాదికోసారి గీకి మళ్లీ పెట్టుకోండి.

ప్రశ్న: వయసు 52. ముందు సైట్ మసగ్గా కనిపిస్తోంది. మూడు ఆకుపచ్చ చుక్కలవి తీసుకోవాలా, ముందు నారింజ వలయం ఉన్నది తీసుకోవాలా? రాత్రి ఇంట్లో అలికిడి అయితే ఏది మేలు?
– ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: మీ కళ్లకు నారింజ వలయమే. చీకట్లో ఒకే రంగు, ఒకే వెలుగు ఉన్న మూడు చుక్కలు కనిపిస్తే, ముందు చుక్క జారి ఎడమ చివరకు పోయినా మెదడు దాన్ని వరసలో ఉందనే అనుకుంటుంది. పిస్టల్ అడుగు దూరం పక్కకు గురిపెట్టి ఉంటుంది, మీకు తెలియదు. ముందు పెద్ద వలయం, వెనక నలుపో మసక దీపాలో ఉంటే ఆ పొరపాటు రాదు. వలయం రంగు పగటి వెలుతురును పీల్చి కాసేపు మెరుస్తుంది, లోపలి ట్రిటియం రాత్రంతా వెలుగుతుంది. ముందు సైట్ వెడల్పు 0.125 అంగుళాలు, 0.140 అంగుళాలు రెండూ దొరుకుతాయి. సన్నది దూరపు గురికి మేలు, లావుది మీ వయసు కళ్లకు తొందరగా దొరుకుతుంది.

అలికిడి గురించి మాత్రం స్పష్టంగా చెప్పాలి. రాత్రి సైట్ మీ పిస్టల్ ఎక్కడుందో మీకు చూపిస్తుంది, ఎదుట ఉన్నది ఎవరో చూపించదు. పూర్తి చీకట్లో మూడు చుక్కలు చక్కగా వరసలో వెలుగుతుంటాయి, వాటి అవతల నిలబడ్డది దొంగో, మంచినీళ్లకు లేచిన మీ అమ్మాయో తెలియదు. అందుకే సైట్ల కంటే ముందు మంచి టార్చిలైటు కొనండి. మంచం పక్కన, ఎడమ చేతికి అందేచోట పెట్టుకోండి. పిస్టల్‌కు బిగించే లైటు ఒక్కటే ఉంటే, దేన్ని చూడాలన్నా పిస్టల్ దానివైపు చూపించాల్సి వస్తుంది, కాబట్టి చేతి టార్చి విడిగా ఉండాల్సిందే. లైటు వేసి, పేరు పెట్టి పిలిచి, జవాబు విన్నాకే మిగతా సంగతి.